చెయ్యి వేసే ముందు

మా ఇంట్లో వెనక గదికి గడియ బయటి వైపు ఉండేది. ఆ గదిలో మా పిన్ని ఉండేది. అమ్మకి సొంత చెల్లెలు. అమ్మ తప్ప ఆ గడియ ఎవరూ తీసేవారు కాదు. స్నానాల గదికి పోవాలంటే ఆ తలుపు దాటుకునే పోవాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను ఆ తలుపు ముందు నడిచి వెళ్ళిన పాపాన పోలేదు. ఊపిరి బిగబట్టి ఒకటే పరుగు. నేను పరిగెత్తిన ప్రతిసారీ లోపలి నుంచి తలుపు దబదబా బాదిన చప్పుడయ్యేది. పెద్దదాన్నయ్యాక పరుగు మానేశాను గానీ, ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి అడుగులు వాటంతటవే జోరందుకునేవి.

అలాంటి నన్ను, ఫిజియోథెరపీ మూడో ఏడు చదువుతుండగా, వానాకాలం మొదట్లో మానసిక వైద్యశాలలో శిక్షణకి వేశారు.

మొత్తం ఆరుగురం. మాకు నేర్పే మేడమ్‌ని చాటుగా ‘కొలబద్ద’ అనేవాళ్ళం. మనిషి నిటారు, మాట అంతకన్నా నిటారు. మొదటి రోజు ఆవిడ మమ్మల్ని వార్డు ఛాయలకి కూడా తీసుకెళ్ళలేదు. ఆవరణలో ఓ మూల ఉన్న వ్యాయామం గదిలో బెంచీల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడిగారు.

“నీకు దేనికి భయం?”

మాలో అందరికన్నా పొడుగైనవాణ్ణి ‘నిచ్చెన’ అనేవాళ్ళం. వాడు లేచి, “కొడతారేమోనని మేడమ్. ఎంతమందిలో ఉన్నా ముందు నేనే కనిపిస్తాను కదా,” అన్నాడు. అందరం నవ్వాం. మేడమ్ నవ్వలేదు. “నిజం చెప్పావు, కూర్చో,” అన్నారు. ఇంకో అమ్మాయి, “ఏం మాట్లాడాలో తెలీదు మేడమ్,” అంది. నా వంతు వచ్చింది.

“నాకేం భయం లేదు మేడమ్.”

“భయం లేదనేవాళ్ళంటేనే నాకు భయం,” అన్నారు. “వాళ్ళు తొందరపడతారు.”

నా భయం పదిమందిలో లేచి చెప్పుకునేది కాదు. ఇంటికి వచ్చిన చుట్టాలు నన్ను చూసి “అచ్చం పిన్ని పోలికే” అనబోయి నాలుక కరుచుకునేవారు. అమ్మ గబుక్కున మాట మార్చేసేది. పిన్నికి జబ్బు మొదలైన వయసూ, అప్పటి నా వయసూ ఒకటే. రాత్రి చదువుకుంటూ ఎక్కడో కుళాయి చప్పుడు వింటే, అది నిజంగా కుళాయేనా అని లేచి వెళ్ళి చూసి వచ్చేదాన్ని.

వార్డుకి వెళ్ళేముందు మేడమ్ మాకు పెట్టిన పరీక్ష ఒకటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. కుర్చీలోంచి లేచి, గోడ దాకా నడిచి, కుడిచెయ్యి పైకెత్తి దించి, తిరిగి వచ్చి కూర్చోవాలి. పక్కన ఒకరు నిలబడి ఏం చెయ్యాలో చెబుతూ ఉంటారు. అంతే.

నిచ్చెన ముందు వెళ్ళాడు. నవ్వుతూ లేచినవాడు సగం దారిలో ఆగిపోయి, ఎడమచెయ్యి ఎత్తి, గోడకేసి వెర్రి మొహం వేసుకుని చూశాడు. మేము పొట్ట పట్టుకుని నవ్వాం. వాడు ఇయర్‌ఫోన్లు తీసేసి, “నవ్వకండర్రా,” అన్నాడు. గొంతు మారిపోయింది.

నేను పెట్టుకున్నాను. మొదట గాలి వీచినట్టు ఒక గుసగుస. తరవాత రెండు గొంతులు, ఈ జబ్బున్నవాళ్ళకి వినిపించేలాంటివే రికార్డు చేసి పెట్టినవి. ఒకటి ఆడ, ఒకటి మగ. ‘లేవకు. లేస్తే పడతావు. చూడు, అందరూ నిన్నే చూస్తున్నారు. లేస్తుందంట. ఎవరు లేవమన్నారు నిన్ను? ఆ చెయ్యి నీది కాదు.’ ఎదురుగా నిచ్చెన పెదవులు కదులుతున్నాయి. “లే, నెమ్మదిగా లే,” అంటున్నాడని తెలుస్తోంది. లేవలేకపోయాను.

వెనక గది తలుపు లోంచి పిన్ని గొణుగుడు నాకు కంఠతా వచ్చు. ‘లేవనులే. లేవనంటున్నాగా. నేనేం చేశాను? నా చెయ్యే ఇది, నాదే.’ ఆ జవాబులు నేను పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. వాటి ప్రశ్నలు ఆ రోజే మొదటిసారి విన్నాను.

ఇయర్‌ఫోన్లు పీకేసి బయటికి నడిచాను. వాన దంచికొడుతోంది. వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి మేడమ్ వచ్చి, నాకు కొంచెం దూరంగా, నాలాగే వాన కేసి చూస్తూ నిలబడ్డారు.

“ఇంట్లో ఎవరు?” అని అడిగారు.

“మా పిన్ని.”

“ఊఁ.”

“నాకూ వస్తుందా మేడమ్?”

రాదమ్మా అంటారని ఎంత ఆశగా చూశానో. ఆవిడ అలా అనలేదు. “చాలామందికి రాదు. కొందరికి వస్తుంది. వస్తే మందులున్నాయి, మనుషులున్నారు. అంతకన్నా పెద్ద మాట ఇవ్వడం నా చేతిలో లేదు,” అన్నారు. తరవాత, “వెళ్ళిపోతానంటే వేరే పోస్టింగ్ వేయిస్తాను. ఉంటానంటే రేపు వార్డుకి రా,” అని లోపలికి వెళ్ళిపోయారు.

ఉండిపోయాను. ధైర్యం వచ్చి కాదు. ఎందుకు వెళ్ళిపోతున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నోరు రాక.

*

వార్డులో నా వంతుకి వచ్చినాయన ఒకప్పుడు బడిలో డ్రాయింగ్ మాష్టారు. ఏళ్ళ తరబడి వాడిన మందులకి ఒళ్ళు బిగుసుకుపోయి, అడుగు తీసి అడుగు వెయ్యడం గగనమైంది. కుడి భుజం అసలు లేవదు. అన్నం కూడా ఎడంచేత్తోనే తింటాడు.

మేడమ్ మాకు వల్లె వేయించిన పాఠం చిన్నదే. ఎదురుగా వెళ్ళాలి. పేరు చెప్పాలి. ఏం చెయ్యబోతున్నామో చెప్పాలి. చెయ్యి వేసే ముందు అడగాలి. ఆయనకీ తలుపుకీ మధ్య అడ్డంగా నిలబడకూడదు. అన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ ఆ పెద్ద హాల్లో, రేకుల కప్పు మీద వాన మోతలో, ఒకడు తనలో తాను నవ్వుకుంటూ, ఒకడు గోడకి నుదురు ఆనించి ఊగుతూ ఉంటే, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎంత తొందరగా పని ముగించుకుని బయటపడదామా అన్నదొక్కటే బుర్రలో తిరిగింది. కిటికీ కేసి తిరిగి కూర్చున్న మాష్టారి పక్కగా వెళ్ళి, నోరు తెరవకుండా భుజం మీద చెయ్యి వేశాను.

ఆయన గిరుక్కున తిరిగి నా మణికట్టు పట్టుకున్నాడు. ఇనప పట్టు. కళ్ళు ఇంతింతయ్యాయి. నిచ్చెన ముందుకు ఉరకబోయాడు. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టి వాణ్ణి ఆపారు.

“లాక్కోకు,” అన్నారు నాతో, ఉన్నచోట నుంచి కదలకుండా. “ఆయన ఎదురుగా జరుగు. నీ పేరు చెప్పు.”

చెప్పాను. నా పేరు నాకే ఎవరిదోలా వినిపించింది.

“ఎందుకొచ్చావో చెప్పు.”

“మీ భుజం... భుజం కదులుతుందో లేదో చూడ్డానికొచ్చానండీ.”

వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. మాష్టారు నా చేతికేసి చూసి, తన చేతికేసి చూసుకున్నాడు. “ముందే చెప్పొచ్చు కదమ్మా,” అన్నాడు, దాదాపు ఏడుపు గొంతుతో. “ఎవరో అనుకున్నాను. ప్రాణం పోయినంత పనయింది.”

ఆ రోజు తిన్నది మొత్తం వాంతయింది. “రేపు కూడా ఆయన దగ్గరికి నువ్వే,” అన్నారు మేడమ్, నీళ్ళ గ్లాసు అందిస్తూ.

మర్నాడు వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. భయం పోలేదు గానీ, ఏ వేళకి ఎంత వేస్తుందో తెలిసింది. గుమ్మం దాటేటప్పుడు ఎక్కువ, మాష్టారు “వచ్చావా” అనేసరికి తక్కువ. ఓ వారానికి ఆయన చెయ్యి గడ్డం దాకా వచ్చింది. ఆ ఆనందంలో నా మొహం గాల్లో గీసి చూపించి, ముక్కు మాత్రం చాలా పెద్దది పెట్టాడు.

పక్కనున్న ఆడవాళ్ళ వార్డులో ఒకావిడ, “నా మోకాల్లో ఎవడో మేకులు కొడుతున్నాడు,” అని రోజూ మొత్తుకునేది. ఒకసారి నిచ్చెన పెదవి బిగించి నవ్వాపుకోవడం మేడమ్ కంట పడింది.

“మేకులు కొట్టేవాడు ఉన్నాడా?” అని అడిగారు వాణ్ణి.

“లేడు మేడమ్.”

“నొప్పి ఉందా?”

వాడు తల గోక్కున్నాడు.

“వాళ్ళు చెప్పే కారణంతో నీకు పని లేదు. నొప్పి చెప్పారా, ఆ చోటు చూడు. మతి సరిగా లేనంత మాత్రాన మోకాలు అరగకుండా ఉండదు.” నిచ్చెన వెళ్ళి, అడిగి, మోకాలు చూశాడు. నీరు పట్టి ఉబ్బిపోయి ఉంది.

*

ఇలా ఉండగా ఒక ఆదివారం పొద్దున అమ్మ పెరట్లో పాచి మీద జారి పడింది. పరిగెత్తుకెళ్ళేసరికి కాలు చీలమండ దగ్గర ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. నాన్న బస్సు డ్రైవరు. పొరుగూరి సర్వీసులో ఉన్నాడు. పక్కింటి అత్తయ్య ఆటో పిలుచుకొచ్చింది. ఇద్దరం అమ్మని ఎక్కించాం. నేనూ ఎక్కబోతుంటే అమ్మ నన్ను తోసేసింది.

“నువ్వు రాకు. దానికెవరు పెడతారు?”

“అమ్మా, నేనా?”

“కంచం గుమ్మంలో పెట్టు. లోపలికెళ్ళకు. మాత్ర అన్నంలో కలుపు. గడియ మాత్రం మర్చిపోకు.” నొప్పికి పళ్ళు కరుచుకుంటూనే ఇవన్నీ చెప్పింది. అమ్మనీ అత్తయ్యనీ ఎక్కించుకుని ఆటో మలుపు తిరిగిపోయింది.

ఇల్లంతా చడీ చప్పుడూ లేదు. ఆ ఇంట్లో నేనూ పిన్నీ మాత్రమే మిగలడం అదే మొదలు.

కంచం పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళాను. గడియ తీస్తుంటే అది ఎక్కడ చప్పుడు చేస్తుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. తలుపు కాస్త తెరిచి, కంచం లోపలికి నెట్టి, మళ్ళీ గడియ పెట్టేసి వంటింట్లోకి వచ్చిపడ్డాను. సాయంత్రం చూస్తే కంచం పెట్టింది పెట్టినట్టే ఉంది. నాన్న ఫోన్ చేశాడు. అమ్మకి ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తారట, తను అక్కడే ఉంటాడట. భయం వేసినప్పుడు నాన్న గొంతు పెద్దది చేస్తాడు. ఆ రోజు ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున పెట్టిన కంచమూ అలాగే ఉండిపోయింది. తలుపు వెనక నుంచి సన్నగా పిన్ని గొంతు వస్తోంది. “కాలు కాలిపోతోంది. కింద మంట పెట్టారు. తియ్యండి. ఎవరైనా తియ్యండి.”

అమ్మకి ఫోన్ చేశాను. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు నాన్న ఫోను ఆవిడ చెవికి పెట్టాడు. “ఈ మధ్య రోజూ అదే పాటే. మంచం దిగడం మానేసి రెండు వారాలైంది. పట్టించుకోకు,” అంది నీరసంగా. “నువ్వు లోపలికి మాత్రం వెళ్ళకు తల్లీ, నా మాట విను.”

అమ్మ మాట వినాలనే ఉంది నాకు. ఒట్టు. మంచం దిగడం మానేసింది అన్న ముక్క మాత్రం చెవిలో ముల్లులా ఉండిపోయింది. తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో. గడియ తీశాను. ఈసారి తలుపు పూర్తిగా తెరిచి, గుమ్మం బయటే నేల మీద కూర్చున్నాను.

పిన్ని మంచం మీద గోడకి జేరబడి ఉంది. నేను అంతసేపు ఆవిడ మొహం చూడడం అదే మొదటిసారి. బెదిరిపోయిన మనిషి. నా ముక్కు, నా నుదురు.

“పిన్నీ. నేను. నీ అక్క కూతుర్ని.” నా పేరు చెప్పాను.

పిన్ని దుప్పటి దగ్గరికి లాక్కుంది.

“అమ్మకి కాలు విరిగింది. ఆసుపత్రిలో ఉంది. అందుకని నేనొచ్చాను. లోపలికి రానా?”

నా భుజం మీదుగా వసారాలోకి చూసి, “నీ వెనక ఎవరున్నారు?” అంది.

“ఎవరూ లేరు. నేనొక్కదాన్నే.”

“తలుపు వెయ్యకు.”

“వెయ్యను.”

లోపలికి వెళ్ళి మంచానికి ఎదురుగా, తలుపుకి అడ్డం రాకుండా, పక్కకి జరిగి కూర్చున్నాను. పిన్ని పెదవులు కదులుతూనే ఉన్నాయి. నాతో కాదు. నాకు వినిపించని వాళ్ళతో. మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి, “మంట,” అని ఎడమకాలు చూపించింది.

“చూస్తాను పిన్నీ. చెయ్యి వెయ్యనా?”

ఆవిడ ఆలోచించింది. “నీ చెయ్యి చల్లగా ఉందా?”

“చల్లగానే ఉంది. నీళ్ళల్లో తడిసింది.”

“అయితే వెయ్యి.”

చీర అంచు కొంచెం పైకి జరిపాను. కుడికాలు పుల్లలా ఉంది. ఎడమ పిక్క దానికి రెండింతలుంది. చర్మం నిగనిగలాడుతోంది. చేతి వెనక భాగం ఆనించి చూస్తే సెగ తగిలింది. “నొక్కు,” అంటోంది పిన్ని. “నొక్కవే. గట్టిగా నొక్కితే పోతుంది.” రెండేళ్ళుగా నేర్చుకున్న చేతులు నావి. నొప్పి అన్న చోటికి అవి తమంతట తామే పోతాయి. వేళ్ళు పిక్క చుట్టూ వెళ్ళాయి కూడా. అప్పుడు గుర్తొచ్చింది. రోజుల తరబడి కదలని కాలి నాళంలో నెత్తురు గడ్డ కట్టి ఉంటే, నొక్కితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ తరవాత మనం చెయ్యగలిగింది పెద్దగా ఉండదు.

వేడి పెనం మీద నుంచి తీసినట్టు చేతులు వెనక్కి తీసుకున్నాను.

“నొక్కకూడదు పిన్నీ. నువ్వూ నొక్కకు. కాలు కదపకు.”

“అయితే మంటెవరు తీస్తారు?”

“తీయిస్తాను.”

మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ విషయమంతా వినకముందే, “నొక్కలేదు కదా?” అన్నారు. తరవాత, “ఊపిరి ఎలా ఉంది? ఆయాసం లేదుగా? నడిపించకు. ఇప్పుడే తీసుకెళ్ళు. ఇప్పుడే,” అన్నారు. కొలబద్ద కంగారుపడడం నేనెప్పుడూ వినలేదు.

ఫోన్ చేస్తే, నాన్న ఆపరేషన్ గది బయట నుంచి ఆటోలో వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో పిన్నిని కూర్చోబెట్టి ఇద్దరం మొయ్యాలి. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ నాన్న ఆవిడని కన్నెత్తి చూసి ఎరగడు. కుర్చీ పట్టుకోమంటే, “కరవదుగా?” అన్నాడు నా చెవిలో.

“నాన్నా!”

“సరే సరే.” గొంతు సవరించుకుని, ఊరంతటికీ వినిపించేంత పెద్దగా, “అమ్మా, నేను మీ బావని! కుర్చీ ఎత్తుతున్నాను!” అన్నాడు. పిన్ని ఉలిక్కిపడి, తరవాత తలూపింది.

వీధి గుమ్మం దగ్గర ఆవిడ ద్వారబంధాన్ని రెండు చేతులా పట్టేసుకుంది. “వద్దు. బయట రాళ్ళేస్తారు.” వానలో గొడుగుల కింద, గుమ్మాల్లో, జనం నిలబడిపోయారు. మా ఇంట్లో ఎవరున్నారో వాళ్ళందరికీ తెలుసు. తెలీనట్టు ఉండడం అలవాటైంది, అంతే. నాకు వాళ్ళంటే భయం వేసింది, పిన్ని అరుస్తుందేమోనని భయం వేసింది, ఆ కాల్లో గడ్డ ఈ కుదుపులకి కదిలిపోతుందేమోనని అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది. అయినా ఆవిడ వేళ్ళు బలవంతంగా విడదియ్యలేదు. “నీ ముందు నేనుంటాను. రాయి పడితే ముందు నాకు పడుతుంది,” అన్నాను. నా దుపట్టా ఆవిడ తల మీద కప్పాను. ఎంతోసేపటికి చేతులు వదిలింది.

*

అమ్మ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళాం. అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరు కుర్రాడే. రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేడు. పిన్ని ఆయన్ని చూడగానే, “మంట పెట్టింది నువ్వేనా?” అంది. ఆయన కలం తీశాడు.

“ఎప్పటి నుంచి జబ్బు?”

“చాలా ఏళ్ళ నుంచి. కానీ ఇప్పుడు కాలు...”

“ఇలాంటి కేసులు మానసిక విభాగంలో చూపించాలమ్మా. రాసిస్తాను. పక్క భవనం.”

నాన్న అప్పటికే కుర్చీ తిప్పుతున్నాడు. పెద్దవాళ్ళు చెబితే వెనక్కి తిరిగే రకం మేమిద్దరం. నా పళ్ళు టకటకమంటున్నాయి. తడిసిన బట్టలకో, దేనికో.

“సార్,” అన్నాను. “రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడండి సార్. ఆ తరవాత పంపించెయ్యండి.”

చీర అంచు జరిపాను. ఆయన కూర్చున్నచోటు నుంచే చూశాడు. లేచి వచ్చాడు. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కలం జేబులో పెట్టేశాడు.

“ఎవరైనా నొక్కారా దీన్ని?”

“లేదు సార్.”

“మంచిది,” అని, స్ట్రెచర్ తెమ్మని కేకేశాడు.

స్కాన్‌లో గడ్డ తొడ దాకా కనిపించింది. సూదులు మొదలుపెట్టారు. ఆ రెండు రోజులూ పిన్ని ఒకసారి దగ్గితే నా గుండె ఆగేది. ఊపిరి లెక్కపెడుతూ, ఆవిడ నిద్రపోతే లేపాలనిపిస్తూ, లేస్తే పడుకోబెట్టాలనిపిస్తూ గడిపాను. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ నాకేసి తిరిగి, మామూలుగా, కుశలం అడిగినట్టు అడిగింది.

“ఇప్పుడు నిన్ను తరమడం మానేశాడా?”

“ఎవరు పిన్నీ?”

“చిన్నప్పుడు. వసారాలో పరిగెత్తేదానివి కదా, వెనక ఎవడో పడ్డట్టు. పసిపిల్లవి. నాకు బయటికి రావడానికి లేదాయె. అందుకని తలుపు బాదేదాన్ని, వాడు బెదిరిపోతాడని.”

ఆవిడ దుప్పటి సర్దాను. “మానేశాడు,” అన్నాను.

“హమ్మయ్య,” అని పిన్ని అటు తిరిగి పడుకుంది.

అమ్మని చక్రాల కుర్చీలో ఆ వార్డుకి తీసుకొచ్చింది ఆ సాయంత్రమే. కట్టుతో ఉన్న కాలు ముందుకి చాచి, మొహం గంటు పెట్టుకుని వచ్చింది. చెల్లెల్ని చూడకముందే నా మీద విరుచుకుపడింది. “ఎవరు తియ్యమన్నారే గడియ? వీధిలోంచి మోసుకొచ్చారా దాన్ని? అందరూ చూస్తుండగా?”

“తియ్యకపోతే పోయేదమ్మా.”

“దాన్ని కోపంతో ఆ గదిలో పెట్టాననుకున్నావా నువ్వు?” అమ్మ గొంతు ఒక్కసారి పడిపోయింది. “ఒకసారి తలుపు తీసి ఉంచాను. బయటికి వెళ్ళిపోయి సాయంత్రానికి దొరికింది. నుదురు పగలగొట్టి పంపించారు జనం. అప్పటి నుంచీ దాని దగ్గరికి వెళ్ళాలన్నా భయమే, వదిలెయ్యాలన్నా భయమే. రోజూ ఆ గడియ మీద చెయ్యి వేసినప్పుడల్లా ఒళ్ళు చల్లబడేది. ఎవరితో చెప్పుకోను?”

అమ్మకి భయం ఉంటుందని నాకు తోచనే లేదు. ఆవిడ భయపడితే ఇల్లు నడిచేది కాదు, అందుకని కాబోలు. పిన్ని ఈలోగా కళ్ళు తెరిచి, అమ్మ కాలికున్న కట్టు కేసి తదేకంగా చూస్తోంది.

“నీకూ మంట పెట్టారా అక్కా?” అంది.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

*

ఇద్దరూ ఇంటికి వచ్చారు. ఈలోగా నాన్న స్క్రూడ్రైవర్ తీసుకుని గడియ ఊడదీశాడు. అమ్మ తలుపుకి మిగిలిన బెజ్జాల్ని వేలితో తడిమి చూసి, వెళ్ళి కూర్చుంది. మొదటి రోజుల్లో ఎవ్వరం నిద్రపోలేదు. ఆ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ముగ్గురం లేచి కూర్చునేవాళ్ళం. పిన్ని మంచినీళ్ళు తాగి, మా ముగ్గుర్నీ వింతగా చూసి, మళ్ళీ వెళ్ళి పడుకునేది. అన్ని రోజులూ అంత సుఖంగా లేవు. ఒకనాడు అన్నంలో ఏదో కలిపారని కంచం గోడకేసి కొట్టింది. మందులు కలిపి పెట్టడం ఆ రోజుతో మానేసి, చేతికిచ్చి, ఇది ఇందుకని చెప్పడం మొదలుపెట్టాం. కొన్ని వేసుకునేది, కొన్ని పారేసేది. మానసిక వైద్యుడు ఎన్నో ఏళ్ళ తరవాత ఆవిడని కళ్ళారా చూసి, మందు మోతాదు మార్చాడు. ఒళ్ళు కాస్త వదులైంది.

రోజూ పొద్దున నాకు ఇద్దరు పేషెంట్లు. అమ్మకి వాకరు, పిన్నికి కాలికి బిగువు మేజోడు. “నెమ్మదిగా లే. ముందు మడమ. తరవాత వేళ్ళు,” అంటూ వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించేదాన్ని. చెవుల్లో వాళ్ళ గోల ఎక్కువైనప్పుడు పిన్ని సగంలో ఆగిపోయేది. అప్పుడు తొందరపెట్టకుండా ఆగడం అమ్మ కూడా నేర్చుకుంది. ఎటూ తన కాలూ అంతకన్నా జోరుగా పోదు కదా.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున, ముగ్గురం వీధి చివర దాకా నడుద్దామన్నాను. అమ్మ మొహం తెల్లబోయింది. “అది ఇక్కడ నడుస్తోందిగా, చాలదా?” అంది. చాలదని తనకీ తెలుసు. చెప్పులు వేసుకుంది. నేను వెనక నడిచాను, పడితే పట్టుకునేంత దూరంలో. నిజానికి ఎవరు పడతారో, ఎవర్ని పట్టుకోవాలో నాకే తెలీని దడ. ప్రతి గుమ్మం వైపూ నా కళ్ళు ముందే పోతున్నాయి. అమ్మ వాకరుతో, పక్కనే పిన్ని, నెమ్మదిగా ముందు నడుస్తున్నారు.

మలుపులో ఉన్న ఇంట్లోకి కొత్తగా దిగినావిడ గేటు దగ్గర నిలబడి ఉంది. అమ్మని పలకరించి, పిన్నిని ఎగాదిగా చూసి, “ఈవిడెవరండీ? ఎప్పుడూ చూళ్ళేదే,” అంది.

అమ్మ ఆగిపోయింది. తల వాకరు మీదికి దించుకుంది. పిన్ని పెదవులు కదులుతున్నాయి. ఎవరికో జవాబు చెబుతోంది. నేను ఒక అడుగు ముందుకి వేశాను.

ఈలోగా పిన్ని లోపలివాళ్ళతో మాట ముగించుకుని, తలెత్తి, అమ్మ మోచెయ్యి పట్టుకుంది.

“మా అక్క,” అంది ఆవిడతో. “కాలు విరగ్గొట్టుకుంది, పాపం. నేనే నడిపిస్తున్నాను.”